పాత సంచి, కొత్త దారి

ఆ ఉదయం అనౌన్సరమ్మ పళ్లు తోముకుంటూనే ఒక నిర్ణయానికి వచ్చేసింది. ఇవాళ ఆఫీసులో ఉన్న ఆ కంప్యూటరుకు బుద్ధి చెప్పి తీరాలి. పదకొండు గంటలకు పెద్దాఫీసరు వస్తాడు. ఆయన వచ్చి కుర్చీలో కూర్చునేసరికి తన వేలు ఇలా మీట మీద పడాలి, అలా ప్రకటన బయట మోగాలి. అంతే! ఈ ఉత్సాహంలో కాఫీ రెండుసార్లు తాగి, మొగుడికి ఒకసారి కూడా ఇవ్వకుండా బస్‌స్టేషనుకు బయలుదేరింది.

పద్దెనిమిదేళ్లుగా ఆ బస్‌స్టేషనుకు ఆవిడే గొంతు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్ల తప్పిపోయి కంట్రోలరు బల్ల మీద కూర్చుని బిస్కెట్లు తింటోందో, అన్నీ ఆవిడ నోటి నుంచే వినాలి. మూడు నెలల కిందట చదివే యంత్రం వచ్చింది. దానికి గొంతు కూడా ఆవిడదే. పన్నెండు రోజులు ఒక గదిలో కూర్చోబెట్టి, లక్ష మాటలు చదివించి రికార్డు చేసుకుపోయారు. ఇప్పుడు ఆవిడ నోరు మూసుకుని టైపు చేయాలి, ఆవిడ గొంతుతో యంత్రం చదవాలి. పాత మైకు మీద గుడ్డ కప్పేశారు. "నా గొంతుకు నేనే గుమాస్తానయ్యాను" అని ఇంట్లో వాపోయేది.

పోనీ, గుమాస్తాగిరీ అయినా సవ్యంగా సాగిందా అంటే అదీ లేదు. కంప్యూటరులో 'చదువు' అని ఒక ఫోల్డరు ఉంది. అందులో ఏ కాగితం పడినా యంత్రం డింగ్ డాంగ్ అని గంట కొట్టి గడగడా చదివేస్తుంది. చదివిన ముక్క మళ్లీ చదవదు, కొత్తగా చేరినదే చదువుతుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ 'చదువు' ఏడు ఫోల్డర్ల లోపల ఉంది. టైపు చేసి దాచబోయిన ప్రతిసారీ, ఎడిటరు అనే ఆ టైపు ప్రోగ్రాం మాత్రం 'నా పత్రాలు' దగ్గర నిలబడి, ఇప్పుడెక్కడికి అన్నట్టు మొహం పెట్టేది. అక్కడి నుంచి ఒక్కొక్క తలుపూ తీసుకుంటూ ఏడో గదికి చేరేసరికి నిమిషమున్నర. "బస్సు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది" అని యంత్రం చదివేసరికి ఆ బస్సు ఊరు దాటి ఉండేది. దాన్ని నమ్మి పరుగెత్తుకొచ్చిన ప్రయాణికులు ఖాళీ ప్లాట్‌ఫారాన్నీ, ఆ తర్వాత ఆవిడ గాజు గదినీ మార్చి మార్చి చూసేవాళ్లు.

పైనుంచి ఉత్తరం వచ్చింది. ప్రకటనలు ఆలస్యమవుతున్నాయి, లోపం మనిషిదా యంత్రానిదా అన్నది పెద్దాఫీసరు స్వయంగా తేలుస్తారు, మనిషిదే అయితే ఆమెను పోయిన సామాన్ల గదికి బదిలీ చేస్తారు అని దాని సారాంశం. పోయిన సామాన్ల గది బస్‌స్టేషను వెనకాల ఉంటుంది. కిటికీ లేదు, మనిషి అలికిడి లేదు. రోజుకు ఒకరో ఇద్దరో వస్తారు, వచ్చినవాళ్లు కూడా సామాను దొరకలేదని అలిగి మాట్లాడకుండా పోతారు. పద్దెనిమిదేళ్లు ఊరందరితో మాట్లాడిన మనిషి అక్కడ గొడుగులతో ఏం మాట్లాడుతుంది? ఆ గది తలుచుకుంటేనే ఆవిడకు నిజంగా ఏడుపొచ్చేది.

అందుకే తొమ్మిదిన్నరకు గదిలోకి రాగానే తలుపు బిగించి, మాటలు అడ్డం రాకుండా గదిలోని స్పీకరు కట్టేసి, తమ్ముడికి ఫోను చేసింది. తమ్ముడు కళ్లజోళ్ల దుకాణంలో కళ్లు పరీక్ష చేస్తాడు. కంప్యూటర్ల సంగతి కూడా తెలుసు, అంటే వాళ్లింట్లో మిగతావాళ్లకంటే తెలుసు.

"అక్కా, ఇంత చిన్నదానికి మూడు నెలలు ఏడిచావా? డిఫాల్ట్ దారి మార్చేస్తే సరి. డిఫాల్ట్ అంటే ఏమిటో తెలుసా? మనం ఏమీ చెప్పకపోతే అది తనంతట తాను ఎక్కడికి పోతుందో, అది."

"తెలియకేంరా, మీ బావ! ఏమీ చెప్పకపోతే తిన్నగా సోఫా మీదికే."

"అదే! ఆ సోఫా తీసేసి కుర్చీ వేస్తున్నాం అనుకో."

తమ్ముడి మాటల గురించి ఒకటి చెప్పాలి. పోయినేడు అతను ఫోనులో, ఫోల్డరు అనే అర్థంలో, "డైరెక్టరీ తెరువక్కా" అంటే, అనౌన్సరమ్మ బీరువా పైనున్న టెలిఫోను డైరెక్టరీ దింపి, దుమ్ము దులిపి, తెరిచి, "తెరిచాను, ఎవరి నంబరు చూడమంటావు?" అని అడిగింది. అప్పటి నుంచి అతను అక్కతో అర్థం చెప్పకుండా ఇంగ్లీషు మాట వాడితే ఒట్టు. ఫోల్డరును సంచి అంటాడు, అది ఉన్న చోటుకు పోయే వరసను దారి అంటాడు. అక్కాతమ్ముళ్ల మధ్య ఈ భాష చక్కగా సాగిపోయేది, ఎందుకంటే అది వాళ్లిద్దరే వినేవాళ్లు.

ఎడిటరు సెట్టింగుల్లో మూడు గళ్లున్నాయి. తెరిచే కాగితాల దారి ఒకటి, దాచే కాగితాల దారి ఒకటి, తాత్కాలిక ప్రతుల దారి ఒకటి. ఈ మూడోది దేనికని అడిగింది ఆవిడ.

"నువ్వు దాచడం మరిచిపోయినా, నిమిషానికోసారి అదే ఒక నకలు తీసి దాస్తుందక్కా. కరెంటు పోయినా భయం లేదు."

"మరి అందులో ఏం పెట్టను?"

"మూడింట్లోనూ చదువు సంచి దారే పెట్టెయ్. గొడవొదిలిపోతుంది."

పెట్టేసింది. 'సరే' నొక్కింది. తెర మీద ఎర్ర అక్షరాలు ప్రత్యక్షమయ్యాయి, మొదటి దారి దొరకలేదని. మొదటి గడిలో ఆవిడ పొరపాటున ఒక ఖాళీ ఎక్కువ కొట్టింది, అంతకంటే ఏమీ లేదు. కానీ తమ్ముడికి అది కనబడదు కదా! అతను వైద్యం మొదలుపెట్టాడు. చెప్పింది మరిచిపోతానేమోనని ఆవిడ ఎడిటరులోనే కొత్త కాగితం తెరిచి, అతను చెప్పింది చెప్పినట్టు టైపు చేయసాగింది. చెవిలో పడ్డది వేళ్లలోకి దిగిపోవడం ఆవిడ వృత్తి. దాచలేదు కాబట్టి ఎక్కడికీ పోదని ధీమా. మూడో గడి మాత్రం ఇంచుమించు ఒళ్లు విరుచుకుని పనిలోకి దిగింది.

బయట డింగ్ డాంగ్ మోగింది.

"మొదటి దారి దొరకలేదు. పాత దారి తీసేసి కొత్త దారి పెట్టాలి."

కొండ ఊళ్ల బస్సు డ్రైవరు స్టీరింగు వదిలేసి కంట్రోలరు దగ్గరికి పరుగెత్తాడు. ఆ కంట్రోలరుకు తెలియని విషయమంటూ ఈ లోకంలో లేదు. ఉన్నా ఆయన ఒప్పుకోడు.

"సార్, కొత్త దారంట! ఏ కొత్త దారి సార్?"

"మొన్న వచ్చిందే."

"మొన్న ఎక్కడొచ్చింది సార్?"

"రావలసిన చోటే వచ్చింది. నువ్వు కాగితాలు చదవవు, నన్నడుగుతావు!" అని గద్దించి, చీటీ మీద 'కొత్త దారి' అని రాసి, సంతకం గీకి ఇచ్చేశాడు. అది చూసి మిగతా డ్రైవర్లు వరసకట్టారు. పదకొండు చీటీలు రాసిన తర్వాత ఆయనకే అనుమానం మొదలైంది. అనౌన్సరు గదికి ఫోను చేస్తే ఎంగేజ్. స్వయంగా వెళ్లి గాజు అద్దంలోంచి చూశాడు. లోపల ఆవిడ ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, కనుబొమలు ముడిచి, "ఊఁ... ఊఁ... తర్వాత?" అంటూ వేగంగా టైపు చేస్తోంది. పైనుంచి నేరుగా ఆర్డర్లు వస్తున్నాయన్నమాట! ఆయన అద్దం మీద చిన్నగా తట్టాడు. ఐదు నిమిషాలు ఆగమని ఆవిడ ఐదు వేళ్లూ చూపించింది.

"ఐదో నంబరు ప్లాట్‌ఫారం!" అని కంట్రోలరు వెనక్కి తిరిగి కేకేశాడు. "అన్ని బస్సులూ ఐదుకు! కదలండి, కదలండి!"

పదకొండు బస్సులు ఐదో ప్లాట్‌ఫారం మీదికి దండెత్తాయి. రెండు పట్టాయి. మూడోది మూతి మాత్రం పెట్టగలిగింది. మిగిలినవి వాటి వెనకాల హారన్లు మోగిస్తూ, బయటికి పోయే గేటు కూడా మూసేశాయి. ఇంతలో మళ్లీ డింగ్ డాంగ్.

"పాత సంచి ఖాళీ చేయాలి. అందులో ఉన్నవన్నీ కొత్త సంచిలో వేయాలి. పాత సంచి పారేయాలి."

ప్రయాణికులు ఒకరి సంచులు ఒకరు చూసుకున్నారు. ఏదో తనిఖీ అన్నారొకరు. కాదు, కొత్త రూలన్నారు ఇంకొకరు. పచ్చ చీర కట్టుకున్న ఒక పెద్దావిడ మాత్రం నడుముకు కొంగు బిగించి లేచింది. "ఇది మా ఆడపడుచు కుట్టిచ్చిన సంచి. నిన్నగాక మొన్నటిది. దీన్ని పాతదంటే ఊరుకునేది లేదు" అని ఎవరూ అడక్కుండానే అందరికీ చెప్పింది. ఆ మాటతో ఎవరిది పాతది, ఎవరిది కొత్తది అన్న చర్చ బెంచీల మీద రాజుకుంది. కొత్త సంచులున్నవాళ్లు వాటిని గుండెకు హత్తుకున్నారు. పాత సంచులవాళ్లు బట్టలు బయటపెట్టి, ఇప్పుడు వీటిని ఎందులో వేయాలని వాళ్ల మీదపడ్డారు.

సరిగ్గా ఆ సమయానికి కళ్లజోళ్ల దుకాణానికి బేరం వచ్చింది. తమ్ముడు ఫోను చెవి దగ్గర నుంచి తీయకుండానే ఎదురుగా కూర్చున్న మనిషితో ఏదో అన్నాడు. అనౌన్సరమ్మ వేళ్లు అది కూడా దించేశాయి. రెండు వాక్యాల తర్వాత ఆవిడకు అనుమానం వచ్చింది.

"ఒరేయ్, ఎడమ కన్ను మూసుకుంటే కంప్యూటరు ఎలా బాగవుతుందిరా?"

"నీతో కాదక్కా! ఇక్కడ ఒకాయనతో!"

నవ్వుకుంటూ ఆ వాక్యాలు చెరిపేసింది. నకలు అప్పటికే వెళ్లిపోయింది.

"ఎడమ కన్ను మూసుకోవాలి. పై వరుస చదవాలి."

రెండు వందల మంది ఎడమ కన్ను మూసుకున్నారు. మూసుకుని, ఎదురుగా గోడ మీదున్న బస్సుల వేళల బోర్డులో పై వరుస చదివారు. కొందరు పైకే చదివారు. చదువు రానివాళ్లు పక్కవాళ్లను అడిగి అప్పజెప్పారు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ గొంతు పద్దెనిమిదేళ్లలో ఎప్పుడూ వాళ్లకు అబద్ధం చెప్పలేదు మరి!

"ఇంక లాభం లేదక్కా" అన్నాడు తమ్ముడు అటువైపు. "అన్నీ మూసేసి మళ్లీ మొదలుపెట్టు."

ఆ ముక్క బయట మోగగానే టిక్కెట్ల కౌంటరు ధడేలున మూసుకుంది. క్యాంటీనువాడు ఒకాయన నోటి దగ్గర ఉన్న టీ గ్లాసు లాక్కుని మరీ షట్టరు దించాడు. అర నిమిషం తర్వాత అన్నీ మళ్లీ తెరుచుకున్నాయి. మళ్లీ మొదలుపెట్టాలన్నారు కనుక క్యూ కూడా మళ్లీ మొదలవ్వాలని వెనకాల నిలబడ్డవాళ్లు వాదించారు. గంట నుంచి నిలబడి ముందుకొచ్చినవాళ్లు చస్తే ఒప్పుకోమన్నారు. క్యూ కాస్తా ముద్దయిపోయింది.

పచ్చ చీర పెద్దావిడకు ఓపిక నశించింది. సంచి చేత్తో పైకెత్తి పట్టుకుని తిన్నగా గాజు గది దగ్గరికొచ్చి, అద్దం మీద దబదబా బాదింది. పెదాలు కదలడమే గానీ అనౌన్సరమ్మకు ఏమీ వినబడలేదు. పెద్దావిడ వెనకాల చూస్తే, ఒక కన్ను మూసుకున్న జనం, నేల మీద చొక్కాలు, ఒకదాని మీదొకటి ఎక్కేటట్టున్న బస్సులు! అనౌన్సరమ్మ ఫోను వదిలేసి స్పీకరు మీట వేసింది. సరిగ్గా అప్పుడే డింగ్ డాంగ్ అని, తన గొంతే తనతో అంది.

"అయిపోయిందా అక్కా?"

మూడో గడి! నిమిషానికో నకలు! అయ్యో దేవుడా, తమ్ముడు చెప్పిందంతా ఊరంతా విన్నది! టైము చూస్తే పదిన్నర. పెద్దాఫీసరు రావడానికి ఇంకా అరగంట ఉంది. ఈలోగా ఒక్క మాటతో సర్దేస్తే చాలు. గబగబా మొదలుపెట్టింది. ప్రయాణికులు భయపడవలసిన అవసరం లేదు. ఇంతే టైపు చేయాలి. కానీ తెలుగులో లేదనే మాట చివర్లో గానీ రాదు, నిమిషమేమో అంతదాకా ఆగదు.

"ప్రయాణికులు భయపడవలసిన అవసరం" అని చదివి యంత్రం ఊరుకుంది.

జనం భయపడవలసిన అవసరాన్ని గుర్తించారు. పిల్లలను చంకనెత్తుకున్నారు. ఒకాయన బస్సు కిటికీలోంచి లోపలికి దూరాడు, ఇంకొకాయన అదే కిటికీలోంచి బయటికి దూకాడు. "కొండ ఊళ్ల బస్సు ఇవాళ ఉందా, లేదా? ఎవరైనా చెప్పండి!" అని ఒకావిడ గొంతు చించుకుని అడిగింది.

డింగ్ డాంగ్. "లేదు."

ఆ ఒక్క మాటకు లేచిన గోల ఇంతా అంతా కాదు. కొండ ఊళ్లవాళ్లంతా కంట్రోలరు బల్ల చుట్టూ మూగారు. ఆయన, మొన్న వచ్చిందే, మొన్న వచ్చిందే, అని గొణుగుతూ బల్ల కిందికి చూస్తున్నాడు, అక్కడేమైనా కాగితం దొరుకుతుందేమోనని.

ఇంక టైపు చేస్తే కొంప మునుగుతుందని అనౌన్సరమ్మకు అర్థమైంది. ఒక్క గెంతులో వెళ్లి మైకు మీది గుడ్డ లాగి అవతల పారేసింది. మీట పైకి తోసింది. ఎర్ర దీపం వెలిగింది. మూడు నెలలుగా నోట్లో కుక్కుకున్న మాటలన్నీ ఒక్కసారి బయటికొచ్చాయి.

"ఆగండి! అందరూ ఉన్నచోటే ఆగండి. రెండు కళ్లూ తెరవండి. సంచులు సర్దుకోండి, ఎవరి సంచి వాళ్లదే, కొత్తదైనా పాతదైనా. కొండ ఊళ్ల బస్సు ఉంది, పాత దారిలోనే పోతుంది. ఐదో నంబరులో చివరనున్న బస్సు ముందు వెనక్కి రావాలి. డ్రైవరుగారూ, ఎడమవైపు స్తంభం, చూసుకోండి! ఆఁ, అంతే. ఇప్పుడు దాని ముందున్నది మూడుకు..."

చూడటానికి రెండు కళ్లూ చాలవు! ఆవిడ ఏ కాగితమూ చూడలేదు. పదకొండు బస్సులనూ ముడి విప్పినట్టు ఒక్కొక్కటే విప్పి, వేటి ప్లాట్‌ఫారానికి వాటిని పంపింది. క్యూలో ఎరుపు కండువా ఆయన మొదటివాడని, ఆయన వెనకాల చంటిపిల్ల తల్లి అని, అద్దంలోంచి చూసినది చూసినట్టు చెప్పి నిలబెట్టింది. మూడో బెంచీ కింద చేతికర్ర వదిలి బస్సెక్కిన పెద్దాయనకు, కర్ర తీసుకెళ్లమని గుర్తు చేసింది. టీ లాక్కున్న క్యాంటీనువాడికి, ఆ గ్లాసు తిరిగి ఇవ్వమని చెప్పింది. తొమ్మిది నిమిషాల్లో మొదటి బస్సు గేటు దాటింది. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆవిడ మైకు కట్టేసి కుర్చీలో కూలబడింది. చెమటతో జాకెట్టు తడిసిపోయింది, మనసు మాత్రం గాలిలో తేలుతోంది.

తలుపు తెరుచుకుంది. రెండు చొక్కాలు, ఒక తువ్వాలు చంకలో పెట్టుకుని ఒక పెద్దమనిషి లోపలికొచ్చాడు. ఆయన వెనకాల పాలిపోయిన మొహంతో కంట్రోలరు. పెద్దాఫీసరు అందరిలో కలిసి ఉండి చూద్దామని తొమ్మిదిన్నర బస్సుకే దిగి, మొదటి నుంచి చివరిదాకా బెంచీ మీదే కూర్చున్నాడట. ఆయన సంచి పాతది కావడంతో, పక్కన కూర్చున్నవాళ్లే సాయంపట్టి ఖాళీ చేశారట.

అయిపోయింది, సామాన్ల గదే గతి అనుకుంది అనౌన్సరమ్మ. లేచి నిలబడి చేతులు కట్టుకుంది.

"ముందంతా మాట్లాడింది మీరే కదూ?" అన్నాడు ఆయన.

"అంటే సార్... అది నా గొంతే గానీ..."

"నాకు చెప్పక్కర్లేదు. మాట మధ్యలో ఆగిపోవడం, సంబంధం లేకుండా కళ్లు మూసుకోమనడం, ఒక్క 'లేదు' అనేసి ఊరుకోవడం, ఇవన్నీ మనుషులు చేసే పనులు. యంత్రం అలా చేస్తుందా? చివరికి అదే పూనుకుంది కాబట్టి సరిపోయింది. పదకొండు బస్సులు, తొమ్మిది నిమిషాలు, ఒక్క తడబాటు లేదు! చేతికర్ర సంగతి కూడా పట్టేసిందండీ! మనిషికి సాధ్యమా?"

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది. ఆయన వెనకాల కంట్రోలరు రెండు చేతులూ జోడించి, కళ్లతోనే కాళ్లావేళ్లా పడుతున్నాడు. నిజం బయటపడితే 'కొత్త దారి' చీటీలు పదకొండూ బయటపడతాయి. వాటి కింద సంతకాలు కూడా ఉన్నాయి.

"సార్" అన్నాడు కంట్రోలరు, ముందుకొచ్చి. "అంత గొప్ప యంత్రాన్ని ఒంటరిగా వదిలేస్తే ఎలా సార్? దుమ్మూ ధూళీ తుడవడానికైనా పక్కన ఒక మనిషి ఉండొద్దూ? ఈవిడకైతే దాని అలవాట్లు తెలుసు."

పెద్దాఫీసరు తువ్వాలు ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. "సరే, బదిలీ వద్దు. ఇక్కడే ఉండనివ్వండి. కానీ అమ్మా, ఒక్కటే షరతు. ఇకమీదట ఆ కంప్యూటరును మీరు ముట్టుకోకూడదు."

"చచ్చినా ముట్టుకోను సార్" అంది అనౌన్సరమ్మ. ఆవిడ అంత మనస్ఫూర్తిగా ఇచ్చిన మాట ఇంకొకటి లేదు.

మర్నాటి నుంచి యంత్రం తీగ ఊడదీసి, రోజూ పొద్దున్నే దాన్ని అద్దంలా తుడిచి, ఆవిడ మైకు ముందు కూర్చుంటోంది. ఈ సంగతి డ్రైవర్లకు తెలుసు, క్యాంటీనువాడికి తెలుసు, ప్రయాణికులకూ తెలుసు. పైవాళ్లకు మాత్రం ప్రకటనలు బ్రహ్మాండంగా ఉన్నాయని తెలుసు. ఏడాది తిరిగేసరికి ఉత్తమ సేవలకు ప్రశంసాపత్రం యంత్రానికి ప్రకటించారు, యంత్రాన్ని తుడిచే మనిషి హోదాలో అనౌన్సరమ్మ వేదికెక్కి అందుకుంది.

సభలో రెండు మాటలు మాట్లాడమని ఆవిడను ఎవరూ అడగలేదు.